పచ్చిపాల గుట్టు విప్పిన ఆలిస్

నా చిన్నప్పుడు మా చూడి ఆవు ఏడో నెలలో ఈసుకుపోయింది. దిష్టి తగిలిందన్నారంతా. అమ్మమ్మ కళ్లొత్తుకుంటూ, వట్టి చేతుల్తోనే మాయ ఎత్తి దొడ్డి వెనకాల పాతిపెట్టింది. చాలా ఏళ్ల తర్వాత ఆలిస్ ఇవాన్స్ గురించి చదువుతుంటే నాకు ఆ చేతులే గుర్తొచ్చాయి.

ఆలిస్ 1881లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఓ పల్లెలో పుట్టింది. కాలేజీకి డబ్బుల్లేక నాలుగేళ్లు బడిపంతులమ్మగా పనిచేసింది. పల్లెటూరి టీచర్ల కోసం కార్నెల్ యూనివర్సిటీ పెట్టిన ఉచిత కోర్సులో చేరాక సైన్సంటే ఇష్టం పట్టుకుంది. 1910లో ఎమ్మెస్సీ అయ్యాక వ్యవసాయ శాఖ పాడి విభాగంలో ఉద్యోగం దొరికింది. సైంటిస్టుగా ఓ ఆడమనిషి వస్తోందని తెలిసి అక్కడి అధికారులు కంగారుపడ్డారట!

ఆవులు ఈసుకుపోవడానికి కారణమైన సూక్ష్మజీవిని డెన్మార్క్‌లో బాంగ్ 1897లో కనిపెట్టాడు. అంతకు పదేళ్ల ముందే మాల్టా జ్వరం తెచ్చే సూక్ష్మజీవిని బ్రూస్ పట్టుకున్నాడు. మేకపాలతో మనుషులకొచ్చే జ్వరమది. ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టి పరీక్షించింది ఆలిస్. దగ్గరి చుట్టాలని తేలింది! పైగా ఆవుల్లో ఆ క్రిమి ఆరోగ్యంగా కనిపించే పొదుగులో కూడా ఉంటోంది. అంటే పచ్చిపాలు తాగేవాళ్లకీ ముప్పేనన్నమాట.

1917లో ఆ మాట చెబితే ఎవరూ నమ్మలేదు. అదే నిజమైతే ఇన్నాళ్లూ పెద్దల కంట పడకుండా ఉంటుందా అన్నారు. పాలు కాచే యంత్రాలవాళ్లతో కుమ్మక్కయిందనీ అనుమానించారు. థియోబాల్డ్ స్మిత్ లాంటి మహా శాస్త్రవేత్త కూడా ఒప్పుకోలేదు.

1922లో ఆ జబ్బు ఆలిస్‌నే పట్టుకుంది. జ్వరం, నొప్పులు, నీరసం... తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేవి. ఒంట్లో జబ్బేమీ లేదు, అంతా నరాల బలహీనతేనన్నారు డాక్టర్లు. 1928లో వేరే కారణంతో ఆపరేషన్ చేసినప్పుడు ఆమె ఒంట్లోనే ఆ క్రిములు దొరికాయి. అప్పుడుగానీ నమ్మలేదు! ఒంట్లో బాగాలేదని ఆడది చెబితే నమ్మకపోవడం మనకీ తెలిసిన కథే కదూ?

అదే ఏడాది అమెరికా బ్యాక్టీరియా శాస్త్రవేత్తల సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది. పాలను వేడిచేసి శుద్ధి చేయాలన్న నిబంధనలు 1930ల్లో ఊరూరా వచ్చాయి. 1975లో, 94వ ఏట కన్నుమూసింది.

ఇంతకీ ఈ బ్రూసెల్లా ఆవు గర్భంలోకే ఎందుకు చేరుతుంది? 1960ల్లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ఆ సంగతీ తేల్చారు. చూడి ఆవు మాయలో ఎరిత్రిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. ఈ క్రిమికి గ్లూకోజు కన్నా అదే ప్రీతి. అక్కడే లక్షలుగా పెరిగి మాయను పాడుచేస్తుంది. దూడకు ఆహారం అందక, నెలలు నిండకుండానే పడిపోతుంది. మనిషి మాయలో ఆ పదార్థం కనిపించలేదు. అలాగని గర్భిణులు అజాగ్రత్తగా ఉండకూడదు.

మన పాడి ఇళ్లలో ఆ మాయ ఎత్తేదీ, పాలు పితికేదీ ఎక్కువగా ఆడవాళ్లమే. అందుకే ఆవు ఈసుకుపోతే చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. పాలు పొంగేదాకా కాచండి. పెయ్యదూడలకు 4 నుంచి 8 నెలల మధ్య టీకా వేయించండి. విడవని జ్వరమొస్తే, మా ఇంట్లో పశువులున్నాయని డాక్టరుకు మీరే చెప్పండి. ఈ మాట మా అమ్మమ్మకు చెప్పేవాళ్లే లేకపోయారు.