తుపాకి లైసెన్సు రద్దు: లిట్టన్ వదిలి వెళ్లిన అధికారం

రాబర్ట్ బుల్వర్ లిట్టన్‌ను 1875లో మొదట పిలిచింది మద్రాసుకు. గవర్నరు పదవి ఇస్తామన్నారు. ఆరోగ్యం బాగాలేదని ఆయన వద్దన్నాడు. అప్పుడు పోర్చుగల్‌లో బ్రిటన్ రాయబారిగా ఉన్నాడు. అదే ఏడాది చివర్లో ప్రధాని డిజ్రేలీ ఏకంగా వైస్రాయి పదవే ఇవ్వజూపాడు. ఈసారి కాదనలేకపోయాడు. 1876 ఏప్రిల్‌లో కలకత్తాలో బాధ్యతలు తీసుకున్నాడు. అంతకు ముందు ఆయనకు భారతదేశంతో ఏ పరిచయమూ లేదు. నాలుగేళ్లే ఉన్నాడు. ఆ నాలుగేళ్లలో ఆయన సంతకం చేసిన ఒక చట్టం మాత్రం స్వతంత్ర భారతంలోనూ 15 ఏళ్లు నడిచింది. పొరుగు దేశమైన బంగ్లాదేశ్‌లో ఇప్పటికీ నడుస్తోంది. అదే 1878 నాటి ఆయుధాల చట్టం. మనిషి చేతిలో ఆయుధం ఉండాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇచ్చే కాగితం మీద ఆధారపడేలా చేసింది ఆ చట్టం. ఇచ్చిన కాగితాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో కూడా అదే రాసిపెట్టింది.

లిట్టన్ 1831 నవంబరు 8న లండన్‌లో పుట్టాడు. తండ్రి ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ ఆ కాలానికి పేరు మోసిన నవలాకారుడు, రాజకీయ నాయకుడు. తల్లి రోజీనా. దంపతులకు పడలేదు, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే విడిపోయారు. 1858లో తండ్రి మంత్రిగా ఉన్న రోజుల్లో, ఎన్నికల సభకు వెళ్లి భర్తను అందరి ముందు కడిగేసింది రోజీనా. కొన్నాళ్లకే డాక్టర్ల సర్టిఫికెట్లు సంపాదించి ఆమెను పిచ్చాసుపత్రిలో పెట్టించాడు భర్త. పత్రికలు గగ్గోలు పెట్టడంతో కొద్ది వారాల్లోనే వదిలేయాల్సి వచ్చింది. బయటికొచ్చిన తల్లిని వెంటబెట్టుకుని ఫ్రాన్స్‌కు తీసుకెళ్లింది కొడుకు రాబర్టే. మూసిన గదిలో ఇద్దరు ముగ్గురు కూర్చుని, అవతలి మనిషిని ఒక్క మాట అడగకుండా, ఆమె స్వేచ్ఛను కాగితం మీద రద్దు చేయడమంటే ఏమిటో ఆయన ఇంట్లోనే చూశాడన్నమాట. అది ఆయన పాలన మీద ప్రభావం చూపిందా అంటే, చూపినట్టు కనిపించదు.

హారోలోనూ, జర్మనీలోని బాన్‌లోనూ చదివాడు. 18 ఏళ్ల వయసులో వాషింగ్టన్‌లో రాయబారిగా ఉన్న పెదనాన్న దగ్గర ఉద్యోగంలో చేరాడు. ఆ తర్వాత పాతికేళ్లు ఫ్లారెన్స్, పారిస్, వియన్నా, ఇంకా అనేక రాజధానుల్లో దౌత్య ఉద్యోగమే. మనసు మాత్రం కవిత్వం మీద. తండ్రి నీడ పడకుండా ఓవెన్ మెరిడిత్ అనే మారుపేరుతో రాశాడు. 1860లో వచ్చిన ‘లూసిల్’ అనే పద్య నవల అమెరికాలో దశాబ్దాల పాటు అమ్ముడుపోయింది. ఇవాళ దాన్ని చదివేవాళ్లు దాదాపు లేరు. ఆయన రాసిన చట్టాలే బతికాయి.

భారతదేశంలో ఆయన తొలి అడుగు చూస్తే ఇంకోలాంటి పాలకుడిని ఊహించుకుంటాం. ఆగ్రాలో ఫుల్లర్ అనే ఇంగ్లిష్ ప్లీడరు తన గుర్రాల కాపరిని కొట్టాడు. ఆ మనిషి చనిపోయాడు. తెల్లజాతి మేజిస్ట్రేటు ఫుల్లర్‌కు 30 రూపాయల జరిమానా వేసి పంపించేశాడు. 1876లో ఈ ఫైలు చూసిన లిట్టన్ మేజిస్ట్రేటును గట్టిగా తప్పుపట్టాడు. భారతీయుడి ప్రాణానికి విలువ కట్టే తీరు ఇది కాదన్నది ఆయన వాదన. ఇంగ్లిష్ పత్రికలు ఆయన మీద విరుచుకుపడ్డాయి, దేశీయ పత్రికలు మెచ్చుకున్నాయి. జాతిని బట్టి న్యాయం మారడం ఆయనకు కనిపించలేదని అనడానికి వీల్లేకుండా చేసే సంగతి ఇది.

ఆ మెప్పు ఎక్కువ కాలం నిలవలేదు. 1877 జనవరి 1న విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిపాడు. అప్పటికే దక్షిణాదిన వానలు లేవు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న కరువు అదే. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఖర్చు అదుపు చేయడానికి లిట్టన్ ప్రభుత్వం రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం చాలని టెంపుల్ లెక్కగట్టాడు. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్‌కూ వైస్రాయికీ దీని మీద తగాదా నడిచింది. ఆ గవర్నరు పేరే మనకు తెలిసిన బకింగ్‌హామ్ కాలువకు ఉంది. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లోనే 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. తర్వాత కరువు కమిషన్ వేసింది కూడా లిట్టనే. కరువు నియమావళి ఆ కమిషన్ నివేదిక నుంచే వచ్చింది. కాకపోతే చనిపోయిన వాళ్లకు అది ఆలస్యంగా వచ్చింది.

1878 మార్చిలో రెండు చట్టాలు వరుసగా వచ్చాయి. 14న దేశభాషా పత్రికల చట్టం, 15న ఆయుధాల చట్టం. మొదటిది పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అమృతబజార్ పత్రిక దాన్ని తప్పించుకోవడానికి ఇంగ్లిష్‌లోకి మారిపోయిన కథ అందరూ విన్నదే. రెండోదాని గురించి అంతగా చెప్పుకోరు. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒకే చేతిరాత కనిపిస్తుంది. రెండింటిలోనూ జిల్లా మేజిస్ట్రేటే నిర్ణయం చేస్తాడు. పత్రికల చట్టంలో ఆయన మాట మీద కోర్టుకు వెళ్లే దారి లేదు.

1857 తిరుగుబాటు తర్వాత కూడా ఆయుధాల మీద చట్టాలు వచ్చాయి. అయితే అవి దేశమంతటా ఒకేలా అమలు కాలేదు. లిట్టన్ చట్టం ఆ తేడాను చెరిపేసింది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకున్నా, ఆయుధం పట్టుకుని తిరిగినా నేరం. మూడేళ్ల వరకు జైలు. ప్రభుత్వోద్యోగుల కంటపడకుండా రహస్యంగా చేస్తే ఏడేళ్ల వరకు. ఇక 27వ సెక్షన్ ఉంది. ఎవరినైనా, ఏ వర్గాన్నైనా చట్టం నుంచి మినహాయించే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారంతో యూరోపియన్లను, యురేషియన్లు అని పిలిచే ఆంగ్లో ఇండియన్లను మినహాయించారు. కొందరు సంస్థానాధీశులకూ, పెద్ద జమీందార్లకూ ఆ గౌరవం దక్కింది. ఆగ్రా మేజిస్ట్రేటుకు జాతి సమానత్వం మీద పాఠం చెప్పిన మనిషి, రెండేళ్లు తిరక్కుండానే జాతిని బట్టి వర్తించే చట్టం మీద సంతకం పెట్టాడు.

లైసెన్సు రద్దు సంగతి 18వ సెక్షన్‌లో ఉంది. లైసెన్సు ఇచ్చిన అధికారి గానీ, ఆయన పైవాడు గానీ, జిల్లా మేజిస్ట్రేటు గానీ ప్రజాశాంతి భద్రతకు అవసరమని భావిస్తే లైసెన్సును రద్దు చేయవచ్చు, లేదా కొంతకాలం నిలిపివేయవచ్చు. కారణాలను రాతలో నమోదు చేయాలి. ఇక్కడ ఆగి చూడాలి. కారణం రాయమంది చట్టం, లైసెన్సుదారుడికి చెప్పమనలేదు. ముందు అతణ్ని పిలిచి మాట వినమనీ అనలేదు. కారణం ఫైల్లో ఉంటుంది, ఫైలు కచేరీలో ఉంటుంది. లైసెన్సు పోయినవాడు తుపాకిని దగ్గరలోని ఠాణాలో అప్పగించాలి. ఆ చట్టం కింద నేరం రుజువైతే శిక్ష వేసే కోర్టు కూడా లైసెన్సు రద్దు చేయవచ్చు. వీటన్నిటికీ మించి, స్థానిక ప్రభుత్వం గెజిట్‌లో ఒక్క నోటిఫికేషన్ ఇచ్చి మొత్తం రాష్ట్రంలోని లైసెన్సులన్నిటినీ ఒకేసారి రద్దు చేయవచ్చు. లైసెన్సే అక్కర్లేని తెల్లవాడికి ఈ సెక్షన్ ఎలా ఉంటుందో తెలిసే అవకాశమే లేదు. పంటను అడవిపందుల నుంచి కాపాడుకోవడానికి నాటు తుపాకి పెట్టుకున్న రైతుకు మాత్రం బాగా తెలిసింది.

ఆ తర్వాత లిట్టన్ కథ వేగంగా ముగిసింది. 1878 నవంబరులో అఫ్గానిస్థాన్ మీద యుద్ధానికి దిగాడు. 1879 మేలో గండమక్ సంధి కుదిరింది. సెప్టెంబరులో కాబూల్‌లో బ్రిటిష్ ప్రతినిధి కవగ్నారీని చంపేశారు, యుద్ధం మళ్లీ మొదలైంది. ఖర్చు లెక్కలు తప్పాయి, లండన్‌లో దుమారం రేగింది. ఇటు గోదావరి ఏజెన్సీలో 1879లోనే రంప పితూరీ లేచింది. అదే ఏడాది లిట్టన్ మీద హత్యాయత్నం జరిగింది, గాయం కాకుండా బయటపడ్డాడు. 1880 ఎన్నికల్లో డిజ్రేలీ ఓడిపోగానే రాజీనామా చేశాడు. జూన్‌లో రిప్పన్ వచ్చాడు. 1882లో పత్రికల చట్టాన్ని రిప్పన్ ఎత్తేశాడు. ఆయుధాల చట్టాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఉదారవాదికి కూడా ఆ అధికారం అక్కరకొచ్చింది.

లిట్టన్ 1887లో పారిస్‌కు రాయబారిగా వెళ్లాడు. అక్కడే 1891 నవంబరు 24న కన్నుమూశాడు. పిల్లల్లో ఇద్దరి గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. కూతురు కాన్‌స్టెన్స్ మహిళల ఓటు హక్కు కోసం జైలుకెళ్లి, నిరాహార దీక్షలో బలవంతంగా తిండి పెట్టించుకుని ఆరోగ్యం పాడుచేసుకుంది. సిమ్లాలో పుట్టిన కొడుకు విక్టర్ 1922లో బెంగాల్ గవర్నరయ్యాడు. ఆయన హయాంలోనే, 1924లో, సుభాష్ చంద్ర బోస్‌ను విచారణ లేకుండా నిర్బంధించారు.

చట్టం మీద నిరసన మాత్రం ఆగలేదు. 1887లో మద్రాసులో జరిగిన మూడో కాంగ్రెస్ మహాసభలో బిపిన్ చంద్రపాల్ దీన్ని రద్దు చేయాలని గట్టిగా వాదించాడు. ఇరవై ఏళ్ల తర్వాత రాజమండ్రి, బెజవాడ, బందరులను వందేమాతరంతో ఊపేసిన పాల్ ఆయనే. 1918లో సైన్యంలో చేరమని ఖేడా రైతులకు రాసిన కరపత్రంలో గాంధీజీ సైతం, జాతిని నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని చరిత్ర బ్రిటిష్ పాలనలోని అతి నల్లటి పనుల్లో లెక్కగడుతుందన్న అర్థంలో రాశారు. అహింసావాది నోట ఆ మాట చాలామందికి ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. జాతిపరమైన మినహాయింపులు మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే పోయాయి. 1931 కరాచీ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును కాంగ్రెస్ చేర్చుకుంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ అదే హక్కును ప్రాథమిక హక్కుల్లో పెట్టమన్నప్పుడు అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఆయుధాలు పౌరుడి హక్కు కాదు, ప్రభుత్వ నియంత్రణలో ఉండాల్సిన విషయమన్న అంబేడ్కర్ నిర్ణయం సరైనదే. దేశ విభజన నెత్తురు అప్పటికింకా ఆరలేదు. అయితే హక్కు కానిదాన్ని లాక్కునేటప్పుడు కూడా మనిషి మాట వినాలా వద్దా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

దానికి జవాబు 1959 ఆయుధాల చట్టంలో సగం దొరుకుతుంది. 1962 అక్టోబరు 1న అది అమల్లోకి వచ్చింది. లిట్టన్ చట్టానికి అప్పటికి 84 ఏళ్లు. కొత్త చట్టంలోని 17వ సెక్షన్ రద్దుకు కారణాలను విడివిడిగా చెప్పింది. లైసెన్సుదారు చట్టరీత్యా అనర్హుడు కావడం, మానసిక స్థితి సరిగా లేకపోవడం, సమాచారం దాచి లైసెన్సు సంపాదించడం, షరతులు ఉల్లంఘించడం వంటివి. కారణాలు రాయడమే కాదు, అడిగితే వాటి సారాంశాన్ని లైసెన్సుదారుకు ఇవ్వాలి. ప్రజాహితం దృష్ట్యా ఇవ్వకూడదనుకుంటే తప్ప. 18వ సెక్షన్ పై అధికారికి అప్పీలు చేసుకునే దారి తెరిచింది. అప్పీలుదారుకు వినిపించుకునే అవకాశం ఇవ్వకుండా వ్యతిరేకంగా ఉత్తర్వు ఇవ్వకూడదంది. కేసు ఒకటి పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన లైసెన్సు రద్దు చేయడం చెల్లదని హైకోర్టులు చాలా తీర్పుల్లో చెప్పాయి. 1878లో ఇవేవీ లేవు.

మిగతా సగం మాత్రం లిట్టన్‌దే. ప్రజాశాంతి భద్రతకు అవసరమని అధికారి భావిస్తే చాలన్న ముక్క 1959 చట్టంలోకి దాదాపు అలాగే దిగింది. దేశమంతటా లేదా ఏ ప్రాంతంలోనైనా లైసెన్సులన్నిటినీ గెజిట్ ఉత్తర్వుతో ఒకేసారి రద్దు చేసే అధికారం కూడా నిలిచింది. అది స్థానిక ప్రభుత్వం చేతి నుంచి కేంద్రం చేతికి మారింది. ప్రభుత్వమే ఇచ్చిన ఉత్తర్వు మీద అప్పీలు లేదు. రిట్ వేసి హైకోర్టుకు వెళ్లాల్సిందే.

బంగ్లాదేశ్ ఆ సగం మార్పు కూడా చేసుకోలేదు. పాత చట్టాన్ని సవరణలతో కొనసాగించింది. 2024 ఆగస్టులో షేక్ హసీనా ప్రభుత్వం కూలాక, తాత్కాలిక ప్రభుత్వ హోం శాఖ ఒకే ఉత్తర్వుతో 2009 జనవరి 6 నుంచి 2024 ఆగస్టు 5 వరకు పౌరులకు ఇచ్చిన తుపాకి లైసెన్సులన్నిటినీ సస్పెండ్ చేసింది. అధికార పార్టీ మనుషులకు ఆ పదిహేనేళ్లలో ఇష్టారాజ్యంగా లైసెన్సులు పంచారన్న ఆరోపణ దానికి నేపథ్యం. సరైన కారణంతో తీసుకున్నవాళ్లూ, పలుకుబడితో తీసుకున్నవాళ్లూ ఒకే వరసలో నిలబడ్డారు. సెప్టెంబరు 3లోగా తుపాకులూ తూటాలూ అప్పగించాలని గడువు పెట్టారు. అప్పగించనివారిపై ఆయుధాల చట్టం కింద కేసులు పెడతామన్నారు.