గ్రాంట్‌లాండ్ రైస్

హెన్రీ గ్రాంట్‌లాండ్ రైస్ (1880 నవంబరు 1 - 1954 జూలై 13) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన సుప్రసిద్ధ క్రీడా పాత్రికేయుడు మరియు కవి. 20వ శతాబ్దపు పూర్వార్ధంలో ఆ దేశపు దినపత్రికలలో క్రీడా వార్తకు సాహిత్య గౌరవాన్ని కల్పించినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. పాత్రికేయ విద్యకు ప్రత్యేక కళాశాలలు ఇంకా వెలియని కాలంలో ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాలను చదివి ఈ వృత్తిలో ప్రవేశించాడు. ఇతని మరణానంతరం, చదువుకున్న విశ్వవిద్యాలయంలోనే, క్రీడా రచనపై ఆసక్తిగల విద్యార్థుల కొరకు ఇతని పేరున ఉపకార వేతనం ఏర్పాటు చేయబడింది. ఇతని రచనలలోని గుణాలు, దోషాలు రెండూ క్రీడా పాత్రికేయాన్ని అభ్యసించేవారికి పాఠాలుగా నిలిచాయి.

బాల్యం, విద్యాభ్యాసం

రైస్ టెనెసీ రాష్ట్రంలోని మర్‌ఫ్రీస్‌బరోలో జన్మించాడు. తాత హెన్రీ గ్రాంట్‌లాండ్ అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన సైనికాధికారి. ఆయన పేరే మనుమడికి పెట్టారు. నాష్‌విల్ నగరంలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో రైస్ ప్రాచీన భాషా సాహిత్యాలను అభ్యసించి 1901లో పట్టభద్రుడయ్యాడు. చదువులో ప్రతిభ చూపినవారికి మాత్రమే సభ్యత్వం లభించే ఫై బీటా కప్పా సంఘానికి ఎంపికయ్యాడు. అదే సమయంలో విశ్వవిద్యాలయం తరఫున అమెరికన్ ఫుట్‌బాల్, బేస్‌బాల్ కూడా ఆడేవాడు. చివరి సంవత్సరంలో బేస్‌బాల్ జట్టుకు నాయకత్వం వహించాడు.

ఇతడు పట్టభద్రుడైన ఏడేళ్ళకు, అనగా 1908లో, మిస్సోరి విశ్వవిద్యాలయంలో పాత్రికేయ కళాశాల ప్రారంభమైంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో జోసెఫ్ పులిట్జర్ విరాళంతో నెలకొన్న కళాశాల 1912లో మొదలైంది. కావున రైస్‌కు వృత్తివిద్య అంటూ ఏదీ లభించలేదు. తరగతి గదిలో చదివిన కావ్యాలు, మైదానంలో స్వయంగా ఆడిన అనుభవం, ఈ రెండే ఇతని పెట్టుబడి.

వృత్తి జీవితం

1901లో నాష్‌విల్ డైలీ న్యూస్ పత్రికలో రైస్ ఉద్యోగ జీవితం ఆరంభమైంది. అనంతరం అట్లాంటా జర్నల్, క్లీవ్‌లాండ్ న్యూస్ పత్రికలలో పనిచేసి, 1907లో నాష్‌విల్ టెనెసియన్ పత్రికకు వచ్చాడు. 1906లో కేథరిన్ హాలిస్‌ను వివాహమాడాడు. వీరి ఏకైక కుమార్తె ఫ్లోరెన్స్ రైస్ తరువాతి కాలంలో హాలీవుడ్ నటిగా పేరు పొందింది. 1908లో రైస్ వాండర్‌బిల్ట్ బేస్‌బాల్ జట్టుకు శిక్షకుడిగా కూడా వ్యవహరించాడు. గెలుపు ఓటముల కంటె ఆడిన తీరే ముఖ్యమన్న భావంతో ముగిసే ఇతని ప్రసిద్ధ పద్యం ఈ కాలం నాటిదే. అలుమ్నస్ ఫుట్‌బాల్ అనే ఈ పద్యంలోని చివరి మాటలు ఆంగ్లంలో సామెతగా స్థిరపడ్డాయి.

అట్లాంటాలో ఉండగా ఒక చిత్రమైన సంఘటన జరిగింది. అప్పటికి ఎవరికీ తెలియని టై కాబ్ అనే యువ బేస్‌బాల్ ఆటగాడిని ప్రశంసిస్తూ ఇతనికి వేర్వేరు పేర్లతో ఉత్తరాలు వచ్చేవి. వాటిని పురస్కరించుకొని రైస్ ఆ యువకుని గురించి రాశాడు. ఆ ఉత్తరాలన్నీ తానే రాసుకున్నానని కాబ్ అనేక సంవత్సరాల తరువాత ఒప్పుకున్నాడు. కాబ్ నిజంగానే ఆ క్రీడలో మహామహుడు కావడం వలన ఈ పొరపాటు వినోదంగా మిగిలింది. అయితే సమాచారం ఎవరి నుండి వచ్చిందో విచారించక రాస్తే ఏమి జరుగుతుందో చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.

1911లో రైస్ న్యూయార్క్ చేరి ఈవెనింగ్ మెయిల్‌లోను, తరువాత ట్రిబ్యూన్‌లోను రాశాడు. స్పోర్ట్‌లైట్ అనే ఇతని శీర్షిక దేశమంతటా అనేక పత్రికలలో ఏకకాలంలో వెలువడేది. ది అమెరికన్ గోల్ఫర్ పత్రికకు సంపాదకత్వం వహించాడు. 1922లో న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో జరిగిన వరల్డ్ సిరీస్ బేస్‌బాల్ పోటీలకు మైదానం నుండే రేడియో వ్యాఖ్యానం చేశాడు. కాలియర్స్ పత్రిక కొరకు 1925 నుండి 1947 వరకు ప్రతియేటా అఖిల అమెరికా కళాశాల ఫుట్‌బాల్ జట్టును ఎంపిక చేశాడు. ఇతడు నిర్మించిన ఆంఫిబియస్ ఫైటర్స్ అనే లఘుచిత్రానికి 1943 సంవత్సరపు ఆస్కార్ పురస్కారం లభించింది.

యుద్ధకాలం

మొదటి ప్రపంచ యుద్ధంలో రైస్ సైన్యంలో చేరి ఫ్రాన్సు వెళ్ళాడు. అక్కడ స్టార్స్ అండ్ స్ట్రైప్స్ అనే సైనిక పత్రికకు కొంతకాలం పనిచేశాడు. బయలుదేరే ముందు తాను కూడబెట్టిన సుమారు 75,000 డాలర్లను ఒక మిత్రుని చేతికి అప్పగించాడు. తిరిగి వచ్చేసరికి ఆ ధనమంతా చెడు పెట్టుబడులలో హరించిపోయింది, మిత్రుడు ఆత్మహత్య చేసుకున్నాడు. అంత సొమ్మును చేతికిచ్చి అతనిని ప్రలోభపెట్టిన తప్పు తనదేనని రైస్ భావించాడు. ఆ మిత్రుని భార్యకు సుమారు 30 సంవత్సరాల పాటు నెలనెలా డబ్బు పంపాడు.

నలుగురు గుర్రపు రౌతులు

1924 అక్టోబరు 18న పోలో గ్రౌండ్స్‌లో నోటర్ డేమ్ విశ్వవిద్యాలయ జట్టు 13-7 తేడాతో ఆర్మీ జట్టును ఓడించింది. మరునాటి న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌లో రైస్, విజేత జట్టులోని హ్యారీ స్టుల్డ్రెహర్, జిమ్ క్రౌలీ, ఎల్మర్ లేడెన్, డాన్ మిల్లర్‌లను బైబిలులోని ప్రకటన గ్రంథంలో వర్ణించబడిన నలుగురు రౌతులతో పోల్చాడు. నోటర్ డేమ్‌లో ప్రచార విభాగానికి పనిచేస్తున్న విద్యార్థి జార్జ్ స్ట్రిక్లర్ ఆ నలుగురిని గుర్రాలపై కూర్చోబెట్టి తీయించిన ఛాయాచిత్రం దేశమంతటా ప్రచారం పొందింది. అమెరికా క్రీడా రచనలో అత్యంత ప్రసిద్ధమైన ఆరంభ వాక్యాలు ఈ వ్యాసానివేనని చెబుతారు.

విమర్శలు

బేబ్ రూత్, జాక్ డెంప్సీ, బాబీ జోన్స్, రెడ్ గ్రేంజ్ వంటి క్రీడాకారులను పురాణ పురుషుల స్థాయికి ఎత్తడంలో ఇతని కలం ముఖ్యపాత్ర వహించింది. క్రీడాకారుల లోపాలను ఇతడు సాధారణంగా ప్రస్తావించేవాడు కాదు. ఎత్తైన పత్రికా విలేఖరుల గదిలో కూర్చున్నవానికి ఆటగాళ్ళు ఆకాశం నేపథ్యంలో ఎలా కనిపించారని 1924 నాటి వ్యాసంపై తరువాతివారు చమత్కరించారు. నల్లజాతి బాక్సర్ జో లూయిస్‌ను అడవి మృగంతో పోల్చిన రాతలు ఆనాటి జాతి వివక్షకు ఇతడు అతీతుడు కాడని తెలుపుతాయి. అదే ఉపమానం ఒక చోట ప్రతిభగాను మరొక చోట దోషంగాను పరిణమించడం గమనార్హం.

మరణం, స్మృతి

1954 జూలై 13న న్యూయార్క్‌లో పక్షవాతంతో రైస్ మరణించాడు. ఆత్మకథ ది టమల్ట్ అండ్ ది షౌటింగ్ అదే సంవత్సరం వెలువడింది. ఇతడు సుమారు 22,000 శీర్షికా వ్యాసాలు, 6 కోట్ల 70 లక్షల పదాలు రాశాడని అంచనా. 1966 సంవత్సరానికి బేస్‌బాల్ రచయితల సంఘపు పురస్కారం మరణానంతరం ప్రకటించబడింది. 2011 నుండి 2015 వరకు నడిచిన ఒక క్రీడా వెబ్‌సైటుకు ఇతని పేరే పెట్టారు.

వాండర్‌బిల్ట్‌లోని ఉపకార వేతనం 1950 దశకంలో గుర్రపు పందేల సంఘం సహాయంతో నెలకొల్పబడింది. తదుపరి నాష్‌విల్ క్రీడా సంపాదకుడు ఫ్రెడ్ రస్సెల్ పేరు కూడా దీనికి జతచేయబడింది. కళాశాలలో చేరబోయే విద్యార్థులను రచనాసక్తిని బట్టి ఎంపిక చేసేవారు. రచయిత రాయ్ బ్లౌంట్ జూనియర్, వ్యాఖ్యాత స్కిప్ బేలెస్ ఈ వేతనంతో చదువుకున్నవారే. వృత్తివిద్య లేకుండానే ఈ రంగానికి వచ్చిన రైస్ పేరు ఈ విధంగా క్రీడా రచయితల చదువుకు ఆధారమైంది.