చివరి తోడేలు దాకా

ఈవీఎస్‌లో ఫుడ్ చెయిన్ గురించి మనం ఒక్క రాత్రిలో చదివేసి, పరీక్ష అయ్యాక మర్చిపోతాం. అందులో ఒక్క లింకు తెగితే ఏమవుతుందో అర్థం కావడానికి ఆల్డో లియోపోల్డ్‌కి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ లింకు తెంపినవాళ్లలో ఆయన కూడా ఒకడు.

లియోపోల్డ్ 1887లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్‌లో పుట్టాడు. నాన్నతో వేటకి వెళ్తూ పెరిగాడు. యేల్‌లో ఫారెస్ట్రీ చదివి 1909లో అటవీ శాఖలో చేరాడు. మొదటి పోస్టింగ్ ఆరిజోనాలోని అపాచీ అడవి. అప్పటికి ఆయన వయసు 22.

ఆ రోజుల్లో అక్కడ తోడేలు అంటే పశువుల్ని తినే దొంగ. కనిపిస్తే కాల్చెయ్యడమే. ఒకరోజు లియోపోల్డ్, తోటివాళ్లు కొండ మీద నుంచి ఒక గుంపుని కాల్చారు. కిందికి దిగి వెళ్లేసరికి ఒక ముసలి ఆడ తోడేలు కొనఊపిరితో ఉంది. దాని కళ్లలో పచ్చటి వెలుగు ఆరిపోవడం ఆయన చూశాడు. ఈ సంగతి ఆయన 1944లో రాశాడు.

సినిమాలో అయితే హీరో అక్కడికక్కడే మారిపోతాడు. ఈయన మారలేదు. తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయి, వేటగాళ్లకి పండగే అన్నది ఆయన లెక్క. 1920లో కూడా న్యూ మెక్సికోలో చివరి తోడేలు దాకా పట్టాల్సిందేనని ఒక సభలో వాదించాడు.

ఆయన్ని నెమ్మదిగా మార్చింది నేలే. ఆరిజోనాలోని కైబాబ్ పీఠభూమిలో తోడేళ్లనీ, ప్యూమాలనీ ఏరేశారు. జింకలు విపరీతంగా పెరిగిపోయి, 1920ల్లో మేత లేక చచ్చిపోయాయి. 1935లో జర్మనీ వెళ్తే అక్కడ వరసలు కట్టి పెంచిన అడవులు, మనుషులు మేత వేస్తే బతికే జింకలు కనిపించాయి. ఆ తర్వాత రెండేళ్లలో మెక్సికోలోని సియెరా మాద్రే కొండలకి వెళ్లాడు. అక్కడ తోడేళ్లు ఉన్నాయి, జింకలూ ఉన్నాయి, కొండల మీద పచ్చదనమూ ఉంది. పాత లెక్క తప్పని తేలిపోయింది.

అప్పటికే ఆయన విస్కాన్సిన్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1935లో సారం పోయిన ఒక పొలం కొని, అందులోని కోళ్ల షెడ్డునే గుడిసెగా మార్చుకున్నాడు. భార్య ఎస్టెల్లా, అయిదుగురు పిల్లలతో కలిసి వేల పైన్ మొక్కలు నాటాడు. ఏ పువ్వు ఎప్పుడు పూసిందో, ఏ పక్షి ఎప్పుడు వచ్చిందో పదేళ్లు రాసిపెట్టి, 1947లో ఆ డేటాని ప్రచురించాడు. పట్టుకున్న తోడేళ్లలో కొన్నింటిని చంపకుండా యెల్లోస్టోన్ పార్కులో ఎందుకు వదల్లేదని 1944లోనే అడిగాడు. యెల్లోస్టోన్‌కి తోడేళ్లు తిరిగొచ్చింది 1995లో.

1948 ఏప్రిల్ 21న పక్క పొలంలో గడ్డికి నిప్పంటుకుంది. ఆర్పడానికి వెళ్లి గుండెపోటుతో చనిపోయాడు. ఆయనకి పేరు తెచ్చిన పుస్తకం, ఎ శాండ్ కౌంటీ అల్మనాక్, మరుసటి ఏడాది వచ్చింది.

1998 మార్చిలో, ఆయన మొదటి ఉద్యోగం చేసిన ఆ అపాచీ అడవిలోనే 11 మెక్సికన్ తోడేళ్లని వదిలారు. అప్పటినుంచి ఏటా చలికాలంలో రేడియో కాలర్ల సిగ్నళ్లు, అడుగుజాడలు, కెమెరాలు, హెలికాప్టర్ల సాయంతో లెక్కపెడుతున్నారు. 2024 చివరికి ఆరిజోనా, న్యూ మెక్సికోలలో కలిపి కనీసం 286 తేలాయి.

గ్రాఫ్ పైకే వెళ్తోంది. కానీ ఇవన్నీ కేవలం 7 తోడేళ్ల సంతానం. అన్నీ డిలీట్ చేసేశాక బ్యాకప్‌లో మిగిలింది అంతే. లెక్క ఎంత పెరిగినా, ఆ ఏడింటిలో లేని జన్యువులు ఇక తిరిగి రావు. అందుకే ఏ గుంపులో ఎవరికి ఎవరు పుట్టారో కూడా రాసుకుంటూ, ఆ కొండల్లో ఒక్కొక్క తోడేలునీ లెక్కపెడుతున్నారు.