పసుపులేటి కన్నాంబ

పసుపులేటి కన్నాంబ (1911 - 1964 మే 7) తెలుగు, తమిళ చిత్రరంగాలలో సుమారు మూడు దశాబ్దాల పాటు వెలిగిన నటి, గాయని, చిత్ర నిర్మాత. తెలుగు టాకీలు మొదలైన తొలి సంవత్సరాలలోనే నాటకరంగం నుండి సినిమాలకు వచ్చి, నూటయాభైకి పైగా చిత్రాలలో నటించింది. భర్త కడారు నాగభూషణంతో కలిసి శ్రీరాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీని నడిపింది. పతివ్రత పాత్రలకు, వీరనారి పాత్రలకు, కుతంత్రం పన్నే రాణి పాత్రలకు, చివరిదశలో తల్లి పాత్రలకు ఆమె పెట్టింది పేరు. గంభీరమైన కంఠస్వరం, స్పష్టమైన ఉచ్చారణ ఆమె నటనకు ప్రధాన బలాలు.

నేటి ప్రేక్షకులలో చాలామందికి కన్నాంబ అనగానే లవకుశలోని కౌసల్య, లేదా కొడుకు కోసం కన్నీరు పెట్టుకొనే ఏదో ఒక రాజమాత గుర్తుకు వస్తుంది. ఇందుకు కారణం లేకపోలేదు. తొలినాటి తెలుగు టాకీలలో అధికభాగం ప్రతులు నేడు లభ్యం కావు. టెలివిజన్‌లో తరచుగా వచ్చేవి ఆమె నలభై అయిదేళ్లు దాటిన తరువాత నటించిన సినిమాలే. అయితే ఆమెకు పేరు తెచ్చిపెట్టినవి అంతకు ఇరవై ఏళ్ల ముందటి పాత్రలు.

బాల్యం

కన్నాంబ కడపలో జన్మించింది. తల్లిదండ్రులు వెంకటనరసయ్య, లోకమాంబ. ఆమె వారికి ఏకైక సంతానం. చిన్నతనంలోనే ఏలూరులోని మాతామహుల ఇంటికి చేరి అక్కడే పెరిగింది. తాతగారు వైద్యవృత్తిలో ఉండేవారు. సంగీతం పట్ల మనుమరాలికి ఉన్న ఆసక్తిని ఆ ఇంట్లో ఎవరూ అడ్డుకోలేదు. ఆనాటి సమాజంలో ఇది చిన్న విషయమేమీ కాదు. మద్రాసు రాష్ట్రపు జిల్లా పట్టణాలలో అప్పుడు నాటకాలు జోరుగా ఆడుతుండేవి. ఏలూరు కూడా నాటకాభిమానం మెండుగా ఉన్న పట్టణమే.

నాటకరంగం

1920లలో తెలుగు నాటకాలలో స్త్రీపాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. స్థానం నరసింహారావు వంటి మహానటులు సత్యభామగా, చిత్రాంగిగా ప్రేక్షకులను మైమరపిస్తున్న రోజులవి. సురభి సమాజాలవంటి కుటుంబ నాటక సంస్థలలో తప్ప, స్త్రీలు రంగస్థలం ఎక్కడం అరుదు. ఎక్కినవారికి మర్యాద దక్కడం మరీ అరుదు. ఇటువంటి పరిస్థితులలో కన్నాంబ 1927లో, పదహారేళ్ల వయసులో, ఏలూరులోని నారల నాటక సమాజం ద్వారా రంగప్రవేశం చేసింది.

ఆమె తొలిసారి వేదిక ఎక్కిన విధం గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఏలూరులో హరిశ్చంద్ర నాటకం జరుగుతున్న రాత్రి, చంద్రమతి వేషం వేసిన పురుషుడు శోకఘట్టంలో శ్రుతి తప్పి పాడాడట. ప్రేక్షకులు గోల చేశారట. వారి మధ్య కూర్చున్న కన్నాంబ లేచి వెళ్లి ఆ పాత్రను అందుకొని నాటకాన్ని నిలబెట్టిందని చెప్పుకొంటారు. ఇందులో చెప్పుకోగా చెప్పుకోగా పెరిగిన భాగం కొంత ఉండవచ్చు. చంద్రమతి పాత్ర మాత్రం ఆమె జీవితంలో నిజంగానే కీలకమైనది. అనసూయ, సావిత్రి, యశోద పాత్రలలో కూడా ఆమె పేరు తెచ్చుకొన్నది.

నాటకాల రోజులలోనే కడారు నాగభూషణంతో ఆమెకు పరిచయం ఏర్పడి, వివాహానికి దారితీసింది. వారిద్దరూ రాజరాజేశ్వరీ నాట్యమండలి పేరుతో సొంత సమాజాన్ని స్థాపించి ఆంధ్రదేశంలోని పట్టణాలలో ప్రదర్శనలిచ్చారు. మైకులు లేని పందిళ్లలో చివరి వరుసవారికి కూడా మాట వినిపించాలి, పద్యం స్పష్టంగా అందాలి, రాత్రంతా పాడినా గొంతు నిలవాలి. ఇందుకు కావలసిన సాధన ఆమెకు ఈ సంవత్సరాలలోనే అలవడింది.

ఆమె పాటల గ్రామఫోను రికార్డులు కూడా ప్రజాదరణ పొందాయి. వాటిలో కృష్ణం భజే రాధా అనే రికార్డు బాగా ప్రసిద్ధమైనది.

చిత్రరంగ ప్రవేశం

తెలుగులో మొదటి పూర్తి నిడివి టాకీ భక్తప్రహ్లాద 1932లో విడుదలయింది. ఆ తరువాత కొన్నేళ్ల వరకు సినిమా అంటే దాదాపుగా కెమెరా ముందు ఆడిన నాటకమే. కథలు నాటకాలవి, పద్యాలు నాటకాలవి, నటీనటులు కూడా నాటకాలవారే. నేపథ్యగానం లేనందున ఎవరి పాట వారే పాడుకోవాలి. కాబట్టి నిర్మాతలు పాడగలిగిన నటుల కోసం నాటక సమాజాలను వెదికేవారు. స్టార్ కంబైన్స్ సంస్థ హరిశ్చంద్ర చిత్రాన్ని తలపెట్టినప్పుడు చంద్రమతి పాత్రకు కన్నాంబను ఎంచుకొన్నది. హరిశ్చంద్రునిగా అద్దంకి శ్రీరామమూర్తి నటించాడు. 1935లో విడుదలైన ఈ చిత్రమే దర్శకుడు పి.పుల్లయ్యకు కూడా మొదటి చిత్రం.

మరుసటి సంవత్సరం తెలుగు సినిమా చరిత్రలో ఒక విచిత్రమైన పోటీ జరిగింది. ఒకే కథతో రెండు సినిమాలు 1936లో వచ్చాయి. ద్రౌపదీ మానసంరక్షణంలో బళ్లారి రాఘవ, తొలి తెలుగు టాకీ కథానాయిక సురభి కమలాబాయి నటించారు. సరస్వతీ టాకీస్ నిర్మించగా హెచ్.వి.బాబు దర్శకత్వం వహించిన ద్రౌపదీ వస్త్రాపహరణంలో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, ద్రౌపది కన్నాంబ. రాఘవ అంతటి నటుడున్న చిత్రం వెనుకబడి, ద్రౌపదీ వస్త్రాపహరణం విజయం సాధించింది. సభలో ధర్మాన్ని ప్రశ్నించే స్త్రీ పాత్రలో కన్నాంబ మొదటిసారిగా తన గొంతుకు తగిన ఘట్టాన్ని అందుకొన్నదని చెప్పవచ్చు. నిలదీసే స్త్రీ పాత్రలు ఆ తరువాత ఆమెను వెదుక్కుంటూ వచ్చాయి.

1937లో చందాల కేశవదాసు నాటకం ఆధారంగా వచ్చిన కనకతారలో నటించింది. కేశవదాసు ఖమ్మం ప్రాంతానికి చెందిన కవి, తొలి తెలుగు టాకీకి పాటలు వ్రాసినవాడు.

1938లో హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో రోహిణీ పిక్చర్స్ వారి గృహలక్ష్మి వచ్చింది. సోమరాజు రామానుజరావు నాటకం రంగూన్ రౌడీ దీనికి ఆధారం. నర్తకి వ్యామోహంలో, తాగుడులో పడిన భర్త వల్ల సర్వం కోల్పోయే ఇల్లాలిగా కన్నాంబ నటించింది. నర్తకి పాత్ర కాంచనమాలది. చిత్తూరు నాగయ్యకు ఇదే తొలి చిత్రం. పురాణ పాత్రలకు అలవాటు పడిన నటి సమకాలీన గృహిణిగా మారి మెప్పించగలదా అన్న సందేహానికి గృహలక్ష్మి విజయమే సమాధానం చెప్పింది.

1940లో వచ్చిన చండిక ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఆర్.ఎస్.ప్రకాష్ దర్శకత్వంలోని ఈ చిత్రంలో ఆమెది కత్తి పట్టిన వీరనారి పాత్ర. బళ్లారి రాఘవ, వేమూరి గగ్గయ్య వంటి దిగ్గజాలు తోడుండగా కథాభారమంతా నాయిక మీదనే నడిచింది. కథానాయిక పేరే సినిమా పేరుగా, ఆమె పరాక్రమమే కథగా ఒక తెలుగు సినిమా 1940లో రావడం గమనించదగిన విషయం.

తమిళ చిత్రాలు

కన్నాంబకు తెలుగునాట ఉన్న పేరు ఎంతటిదో, తమిళనాట ఉన్న పేరు అంతకు తక్కువ కాదు. తెలుగువారు కొన్నిసార్లు మరచిపోయే సంగతి ఇది. 1941లో వచ్చిన అశోక్ కుమార్ చిత్రంలో ఎం.కె.త్యాగరాజ భాగవతార్ సరసన, సవతి కుమారుని కోరి భంగపడి అతని కళ్లు పోవడానికి కారణమయ్యే రాణి తిష్యరక్షితగా నటించింది. అశోకుని పాత్ర నాగయ్యది. మన సారంగధర కథలోని చిత్రాంగికి దగ్గరి పాత్ర ఇది. అప్పటికి పతివ్రతగా స్థిరపడిన నటి ఇటువంటి పాత్రను అంగీకరించడం సాహసమే.

మరుసటి సంవత్సరం, 1942లో, జూపిటర్ పిక్చర్స్ వారి కణ్ణగి వచ్చింది. తమిళుల ప్రాచీన కావ్యం శిలప్పదికారంలోని కథ ఇది. చేయని దొంగతనానికి భర్త కోవలన్‌కు మరణదండన విధించిన పాండ్యరాజును కణ్ణగి నిండుసభలో కాలి అందె సాక్ష్యంగా నిలదీస్తుంది, ఆమె ఆగ్రహానికి మధుర నగరం తగలబడిపోతుంది. కోవలన్‌గా పి.యు.చిన్నప్ప నటించాడు. ఇళంగోవన్ వ్రాసిన సంభాషణలు అచ్చమైన సాహిత్య తమిళంలో ఉంటాయి. కన్నాంబ మాతృభాష తెలుగు. ఆమె తన సంభాషణలను తెలుగు లిపిలో వ్రాయించుకొని కంఠస్థం చేసేదని చెబుతారు. అయినప్పటికీ రాజసభ ఘట్టంలో ఆమె ఉచ్చారణను తమిళ ప్రేక్షకులు ఆదర్శంగా చెప్పుకొన్నారు. తమిళ సినిమాలో పాటల ఆధిపత్యం తగ్గి, సంభాషణలకు ప్రాధాన్యం పెరగడానికి దారితీసిన చిత్రాలలో కణ్ణగి ఒకటి.

ఈ మార్పు కన్నాంబ సుదీర్ఘ ప్రస్థానానికి ఎంతో తోడ్పడింది. 1940లలో నేపథ్యగానం స్థిరపడడంతో, కేవలం పాట కోసం సినిమాలకు వచ్చిన నాటక నటీమణులు పలువురు తెరమరుగయ్యారు. కన్నాంబ పాట పోయినా మాట నిలిచింది. 1954లో ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వం వహించిన మనోహరలో శివాజీ గణేశన్‌కు తల్లిగా, మహారాణి పద్మావతిగా నటించింది. పమ్మల్ సంబంధ ముదలియార్ నాటకానికి ఎం.కరుణానిధి మాటలు వ్రాశాడు. ఎంత అవమానం జరిగినా కొడుకును శాంతింపజేస్తూ వచ్చిన ఆ తల్లి, చివరకు తానే ఓర్పు చాలించి తిరగబడమని ఆదేశిస్తుంది. శివాజీ గణేశన్ సంభాషణల ధాటికి సాటిగా నిలవడం ఆ రోజులలో బహుకొద్దిమందికే సాధ్యమైంది.

నాయకురాలు నాగమ్మ

తెలుగులో ఆమె ఉత్తమ పాత్రలలో 1947 నాటి పల్నాటి యుద్ధంలోని నాయకురాలు నాగమ్మ ముందువరుసలో ఉంటుంది. గూడవల్లి రామబ్రహ్మం ప్రారంభించిన ఈ చిత్రాన్ని, 1946లో ఆయన మరణించడంతో ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేశాడు. బ్రహ్మనాయుడుగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడుగా అక్కినేని నాగేశ్వరరావు నటించారు. గురజాల రాజు నలగాముని కొలువులో మంత్రిణిగా అధికారం నెరపిన నాగమ్మను పల్నాటి వీరగాథలు ఎక్కువగా దుష్టురాలిగానే చిత్రిస్తాయి. ఆమె స్వగ్రామం కరీంనగర్ ప్రాంతంలోని ఆరవెల్లి అని కూడా ఒక కథనం ఉన్నది. తెరపై కన్నాంబ నాగమ్మ రాజనీతి తెలిసిన స్త్రీగా, బ్రహ్మనాయునికి దీటైన ప్రత్యర్థిగా కనిపిస్తుంది. 1966లో ఇదే కథను మళ్లీ తీసినప్పుడు ఈ పాత్రను భానుమతి ధరించింది.

రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీ

నాటక సమాజానికి పెట్టిన పేరునే కన్నాంబ దంపతులు తమ చిత్ర నిర్మాణ సంస్థకూ పెట్టుకొన్నారు. 1941లో వచ్చిన తల్లిప్రేమతో మొదలుకొని తెలుగు, తమిళ భాషలలో దాదాపు ముప్పై చిత్రాలను ఈ సంస్థ నిర్మించింది. సుమతి, తులసీ జలంధర, సౌదామిని, సతీ సక్కుబాయి, శ్రీకృష్ణ తులాభారం, నాగపంచమి, దక్షయజ్ఞం వీటిలో కొన్ని. వీటిలో చాలావాటికి నాగభూషణమే దర్శకుడు.

ఈ సంస్థ పద్ధతుల గురించి పాతతరం సినిమావారు ప్రత్యేకంగా చెప్పేవారు. నెల మొదటి తేదీకల్లా సిబ్బందికి జీతాలు అందేవని, భోజనాలకు లోటుండేది కాదని, ఉద్యోగుల ఇళ్లలో పెళ్లిళ్లకు కన్నాంబ స్వయంగా సహాయం చేసేదని ప్రతీతి. సినిమా పరిశ్రమలో సకాలంలో జీతం అందడం విశేషంగా చెప్పుకోవలసి రావడమే ఒక విశేషం. సంస్థ తీసిన చిత్రాలన్నీ ఆడలేదు. పౌరాణికాలకు సెట్టింగుల ఖర్చు ఎక్కువ, ఒక సినిమా దెబ్బతింటే దాని ప్రభావం తరువాతి వాటి మీద పడేది. కన్నాంబ ఇతర సంస్థల చిత్రాలలో ఎడతెరపి లేకుండా నటిస్తూ ఉండడం వెనుక, సొంత కంపెనీని నిలబెట్టుకోవలసిన అవసరం కూడా ఉన్నది. ఒకవైపు తోటి తారలకు జీతమిచ్చే నిర్మాతగా, మరొకవైపు ఇంకొకరి దగ్గర జీతం తీసుకొనే నటిగా ఆమె ఇరవై ఏళ్లకు పైగా గడిపింది.

తల్లి పాత్రలు

1950ల నుండి ఆమె వయసుకు తగిన పాత్రలకు మారింది. అనార్కలి (1955)లో జోధాబాయిగా, తోడికోడళ్లు (1957)లో ఉమ్మడి కుటుంబపు పెద్దకోడలిగా నటించింది. తోడికోడళ్లులో ఎస్.వి.రంగారావు ఆమె భర్త, గయ్యాళి తోడికోడలు సూర్యకాంతం. సూర్యకాంతం నోటిధాటికి ఎదురుగా కన్నాంబ చూపిన నిబ్బరం ఆ చిత్రానికి బలం. నిండుసభలను గడగడలాడించిన గొంతును వంటింటి గొడవకు సరిపడా తగ్గించి పలకడం తేలికైన పని కాదు. రాజమకుటం (1960), జగదేకవీరుని కథ (1961) చిత్రాలలో కథానాయకుని తల్లి పాత్రలు ధరించింది.

1963లో విడుదలైన లవకుశలో కౌసల్య పాత్ర పోషించింది. ఈ చిత్రాన్ని సి.పుల్లయ్య ప్రారంభించగా ఆయన కుమారుడు సి.ఎస్.రావు పూర్తిచేశాడు. కన్నాంబ పెంపుడు కుమార్తెను సి.ఎస్.రావుకు ఇచ్చి వివాహం చేయడంతో ఆ కుటుంబంతో ఆమెకు బంధుత్వం కూడా ఉన్నది.

మరణం

కన్నాంబ 1964 మే 7న మద్రాసులో మరణించింది. అప్పటికి ఆమె వయసు 52 సంవత్సరాలు. లవకుశ విడుదలై ఏడాది గడచిందంతే. ఆమె తరువాత రాజరాజేశ్వరీ ఫిలిం కంపెనీ పూర్వవైభవాన్ని నిలబెట్టుకొనలేకపోయింది. కడారు నాగభూషణం 1976లో మరణించాడు.