కాశీకి వెళ్ళిన కోర్టు దుబాసీ: ఏనుగుల వీరాస్వామయ్య గారు

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మనము, ఆంధ్రదేశానికి వెలుపల జీవించి పేరు పొందిన తెలుగువారిని గూర్చి తెలుసుకొనుట మంచిది. అట్టివారిలో ఏనుగుల వీరాస్వామయ్య గారు ఒకరు.

వీరు సుమారు 1780లో జన్మించారు. తొమ్మిదవ యేట తండ్రిని పోగొట్టుకున్నారు. చిన్నతనంలోనే ఇంగ్లీషు నేర్చి, కంపెనీ కొలువులో చేరి, క్రమంగా మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ అయ్యారు.

1830 మే 18న మద్రాసులో బయలుదేరి, మాధవరం మీదుగా తిరుపతి చేరారు. అక్కడినుండి కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ దర్శించి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. రైలు లేని కాలం. కుటుంబం, బోయీలు, నౌకర్లు కలిసి దాదాపు నూరుమంది.

ఆయన వెళ్ళినది పుణ్యము కొరకే. అయితే కోర్టులో పనిచేసిన మనిషి గనుక దారిలో ప్రతిదీ పరిశీలించారు. మంచినీళ్ళు, ధరలు, సుంకాలు, బాటలు, కులాలు, పరిపాలన, అన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి జాబులుగా వ్రాసారు. శ్రీశైలంలో కందనూరు నవాబు యాత్రికుల వద్ద సొమ్ము తీసుకొని గుడిని పట్టించుకోని సంగతి కూడా వ్రాసారు.

ఇంగ్లీషు కంపెనీ కూడా తక్కువ తినలేదు. ప్రయాగ, గయ, పూరీలలో యాత్రికులపై పన్ను వసూలు చేసేది. ఆ పన్నును ఎదిరించిన వారిలో బాప్టిస్టులు ఉన్నారు. ఒరిస్సాలో పనిచేసిన జనరల్ బాప్టిస్టు మిషనరీ జేమ్స్ పెగ్స్ గారు ఇంగ్లండు తిరిగి వెళ్ళి దానిపై పుస్తకాలు ప్రచురించారు. విగ్రహారాధన మీద ప్రభుత్వం లాభం తీయరాదని ఆయన వాదన. చివరకు 1840లో చట్టం ద్వారా ఆ పన్ను రద్దయినది. భక్తితో నడిచే సామాన్యుని జేబులో ప్రభుత్వం చెయ్యి పెట్టినందువలన, యాత్ర రాజకీయ ప్రశ్నగా మారినది.

వీరాస్వామయ్య గారు ఆ రద్దును చూడలేదు. 1836 అక్టోబరు 3న కన్నుమూశారు. 1838లో పిళ్ళె గారు ఆ జాబులను కాశీయాత్ర చరిత్ర అను గ్రంథంగా అచ్చు వేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు దానిని తిరిగి ప్రకటించారు. ఆనాటి దేశస్థితి తెలుసుకొనగోరు వారికి అది నేటికీ ఆధారము.

ఆయన విశ్వాసము వేరు, మనది వేరు. అయినను చూచినది చూచినట్లు తేదీలతో వ్రాసి ఉంచిన ఆ అలవాటు మనకు ఆదర్శము. మన పెద్దలు ఏ ఊరినుండి, ఏ కారణము చేత ఇక్కడికి వచ్చారో ప్రతి కుటుంబమూ ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచితే, పిల్లలకు మేలు చేసినవారమవుతాము.