గులాబీ అత్తరు - నూర్జహాన్ బేగం

ఈద్ నమాజుకు బయలుదేరే ముందు అత్తరు రాసుకోని ఇల్లు మనలో అరుదు. చిన్న దూది వుండకు రెండు చుక్కలు అద్ది చెవి మడతలో పెట్టుకునే పెద్దవాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు. ఎవరైనా సుగంధం ఇస్తే దైవప్రవక్త (స.అ.స.) కాదనేవారు కారని హదీసుల్లో వుంది. నికాహ్ మజ్లిసులో పన్నీరు చల్లడం సరేసరి. చార్మినార్ దగ్గర అత్తరు కొట్లలో ఎన్ని రకాలు పెట్టినా గులాబీకున్న మర్యాద వేరు.

పూసుకునే పరిమళాన్ని బట్టి మనిషి స్వభావం చెప్పే శీర్షికలు పత్రికల్లో అప్పుడప్పుడు వస్తుంటాయి. మల్లె ఇష్టపడేవారు ఒక రకమట, సంపెంగ ఇష్టపడేవారు మరో రకమట. గులాబీ వాళ్ళయితే మెత్తని మనసువారు, సుకుమారులు, ఒకరి నీడన బతికేవారని రాస్తారు. మన దేశంలో గులాబీ అత్తరు అనగానే గుర్తొచ్చే పేరు నూర్జహాన్ బేగం. ఆమె జీవితం ముందు పెట్టుకుంటే ఆ జోస్యం ఎంతవరకు నిలుస్తుందో చదువరులే తేల్చుకోవచ్చు.

ఆమె అసలు పేరు మెహరున్నిసా. తండ్రి మీర్జా గియాస్ బేగ్, తల్లి అస్మత్ బేగం. ఇరాన్‌లో అదృష్టం తిరగబడి, బతుకుతెరువు వెతుక్కుంటూ హిందూస్తాన్‌కు బయలుదేరిన కుటుంబం. దారిలో దొంగలు దోచుకున్నారు. 1577లో కాందహార్ దగ్గర ఆడపిల్ల పుట్టింది. అక్బర్ కొలువులో గియాస్ బేగ్‌కు చోటు దొరికింది, క్రమంగా పైకొచ్చాడు. మెహరున్నిసాకు 1594లో షేర్ అఫ్గన్ అనే సర్దారుతో పెళ్ళయింది. లాడ్లీ బేగం అనే కూతురు పుట్టింది. 1607లో బెంగాల్‌లోని బర్ద్వాన్‌లో జరిగిన కొట్లాటలో భర్త చనిపోయాడు. చంటిపిల్లతో ఆమె ఆగ్రా చేరి, అంతఃపురంలో ఒక పెద్ద బేగం దగ్గర కొలువులో చేరింది. జహంగీర్ పాదుషా ఆమెను పెళ్ళాడింది 1611లో. అప్పటికి ఆమె వయసు 34. వితంతువు, ఒక బిడ్డ తల్లి. సినిమాల్లో చూపించే పావురాల కథలు, పడుచు ప్రేమలు ఇక్కడ పక్కన పెట్టవచ్చు.

ఇక అత్తరు సంగతి. గులాబీ అత్తరు కనిపెట్టింది నూర్జహానే అని చాలామంది నమ్ముతారు. పండుగ నాడు తోటలోని కాలువలను పన్నీరుతో నింపించిందనీ, తెల్లారేసరికి పైన తేలిన నూనె తెట్టును చూసి గుర్తుపట్టిందనీ కథ. వినడానికి బాగుంటుంది గాని, అది తరవాతి కాలంలో అల్లిన కథ. జహంగీర్ తన ఆత్మకథలో 1614 నాటి సంగతులు రాస్తూ, ఈ ఘనత నూర్జహాన్ తల్లి అస్మత్ బేగందేనని స్పష్టంగా రాసుకున్నాడు. ఆమె పన్నీరు కాయించి, వేడిగా వుండగానే పళ్ళాల్లో పోయించేదట. పైన సన్నటి మీగడలాంటి తెట్టు కట్టడం చూసింది. దాన్ని పారబోయకుండా కొద్దికొద్దిగా తీసి కూడబెట్టింది. అరచేతిలో ఒక చుక్క రుద్దితే సభంతా ఘుమఘుమలాడిందని పాదుషా పొంగిపోయాడు, అత్తగారికి ముత్యాల హారం బహూకరించాడు. అక్బర్ బేగంలలో ఒకరైన సలీమా సుల్తాన్ బేగం దానికి ఇత్ర్-ఎ-జహంగీరీ అని పేరు పెట్టింది. చూడండి, కనిపెట్టింది అత్తగారు, పేరు అల్లుడిది, జనం నోట్లో నిలిచింది కూతురు!

పన్నీరు కాచడం అంతకు ఎన్నో శతాబ్దాల ముందునుంచీ ఇరాన్‌లో వున్నదే. ఎంతమందో కాచారు. ఆ తెట్టును లెక్కలోకి తీసుకోవడంలో వుంది అస్మత్ బేగం గొప్పతనం. ఒక్క కిలో శుద్ధమైన గులాబీ నూనెకు సుమారు నాలుగు వేల కిలోల పువ్వులు కావాలి. అవి కూడా తెల్లవారుజామున, ఎండ తగలకముందే కోయాలి. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఇప్పటికీ రాగి డేగులో పువ్వులూ నీళ్ళూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, సన్నని సెగమీద ఆవిరి పట్టి, వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోకి దింపుతారు. భప్కాలో చందనం నూనె వుంటుంది, వాసనను అది పట్టుకుంటుంది. సారాయి కలవని పరిమళం గనుకనే మన పెద్దలు సెంటు కన్నా అత్తరును ఇష్టపడతారు.

నూర్జహాన్ తన తల్లి నుంచి వాసన ఒక్కటే కాదు, వృథా పోనివ్వని ఆ చూపు కూడా పుణికిపుచ్చుకున్నదనిపిస్తుంది. ఆమె పేరుతో ఫర్మానాలు వెలువడ్డాయి, నాణేలు అచ్చయ్యాయి. జలంధర్ దగ్గర బాటసారులకు పెద్ద సరాయి కట్టించింది. 1617లో ఏనుగు అంబారీ నుంచి ఆరు గుండ్లతో నాలుగు పులులను పడగొట్టింది. 1626లో జీలం నది ఒడ్డున మహబత్ ఖాన్ పాదుషాను బందీ చేస్తే, సర్దారులను మందలించి, తానే ఏనుగెక్కి నదిలోకి దిగి పోరాడింది. ఆ దాడి ఓడిపోయింది. తప్పించుకునే వీలున్నా, తానే వెళ్ళి భర్తతోపాటు బందీగా వుండిపోయింది. కొన్ని నెలలు ఓపిక పట్టి, మనుషుల్ని కూడగట్టి, మహబత్ ఖాన్ పారిపోయేలా చేసింది. సుకుమారం అంటే ఇదేనా?

మన సంఘం వారు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది మరొకటుంది. ఆమె అధికారాన్ని ఏమాత్రం మెచ్చని చరిత్రకారుడు ముతమిద్ ఖాన్. ఆమె పెత్తనం గురించి ఘాటుగా రాసినవాడు. అలాంటివాడు కూడా, దిక్కులేని ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆమె తన సొంత ఖర్చుతో చేయించేదని, అలా కట్నకానుకలిచ్చి సాగనంపినవారు 500 మందికి పైగానే వుంటారని ఒప్పుకున్నాడు. ఒక్క యతీం పిల్ల నికాహ్ కోసం ఇల్లిల్లూ తిరిగి చందా పుస్తకం పట్టుకున్నవారికి ఈ అంకె బరువెంతో తెలుస్తుంది. అత్తరు కథ అందరికీ తెలుసు, ఈ పెళ్ళిళ్ళ సంగతి ఎందరికి తెలుసు?

ఆమెలో లోపాలు లేవని కాదు. కూతురు లాడ్లీని 1621లో జహంగీర్ చిన్న కొడుకు షహర్యార్‌కిచ్చి పెళ్ళిచేసి, అతన్ని గద్దెనెక్కించాలని పట్టుబట్టింది. ఆ యువకుడికి అంత సత్తా లేదు. కూతురి మీద మమకారం ఆమె చురుకైన చూపును కప్పేసిందని నా అభిప్రాయం. అదే 1621లో తల్లి పోయింది, భార్య పోయిన దిగులుతో తండ్రి కొద్ది నెలలకే 1622లో కన్నుమూశాడు. ఇద్దరికీ ఆగ్రాలో యమునా తీరాన తెల్ల చలువరాతి సమాధి కట్టించింది. ఆ గోడలమీద రంగురాళ్ళు పొదిగిన పూలకుండీలూ పన్నీరు బుడ్లూ చూసినప్పుడు నాకు అస్మత్ బేగం పళ్ళాలే గుర్తొస్తాయి. తాజ్‌మహల్ కంటే ముందుదది.

1627లో జహంగీర్ కాలం చేశాడు. సొంత అన్న ఆసఫ్ ఖాన్ తన అల్లుడు షాజహాన్ పక్షం వహించాడు. షహర్యార్ ప్రాణాలు పోయాయి. పాదుషా బేగం ఒక్కరోజులో మామూలు వితంతువైంది. ఏటా రెండు లక్షల రూపాయల పింఛను తీసుకుని, వితంతువైన కూతురితో లాహోర్‌లో 18 ఏళ్ళు గడిపింది. తెల్లబట్టలు కట్టేది, వేడుకల జోలికి పోయేది కాదంటారు.

1645 డిసెంబరులో ఆమె మరణించింది. రావి నది అవతల షాదరాలో తాను బతికుండగానే కట్టించుకున్న సమాధిలో ఆమెను ఖననం చేశారు, పక్కనే లాడ్లీ సమాధి. పైనున్న చలువరాళ్ళను తరవాతి కాలంలో వూడదీసుకుపోయారు. బ్రిటిష్ వాళ్ళు ఆ తోట మధ్యగా రైలు పట్టాలు వేశారు. భర్త జహంగీర్, అన్న ఆసఫ్ ఖాన్ పట్టాలకు ఆ పక్కన, తల్లీ కూతుళ్ళిద్దరూ ఈ పక్కన వున్నారు.