కట్టమంచి రామలింగారెడ్డిగారు – ఆంధ్ర విశ్వకళాపరిషత్తు

కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు వినని తెలుగువాడుండడు. అయినను మనవారాయనను తలచుట సాధారణముగా ముసలమ్మ మరణము వ్రాసిన కవిగానో, కవిత్వతత్త్వ విచారము వెలువరించి పండితలోకమును కలవరపఱచిన విమర్శకుడుగానో, చమత్కార భాషణమునకు పేరెక్కిన సభాప్రసంగకుడుగానో యగును. ఆయన జీవితములో పదునెనిమిది సంవత్సరములను మ్రింగివేసిన పని మఱియొకటి కలదు. అది ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షత్వము. దానినే మేమిచ్చట ముఖ్యముగా చెప్పదలచితిమి. తక్కిన విషయములు దారిలో తగిలినంతవఱకే.

ఆయన 1880వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డిగారు న్యాయవాది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగనే ముసలమ్మ మరణము రచించిరి. అనంతపురము మండలములోని బుక్కరాయసముద్రపు చెరువుకట్ట తెగబోగా, ఊరిని కాపాడుటకై ప్రాణమర్పించిన యొక కోడలి కథ యది. దేవతలును రాజులును లేని కావ్యమున కానాడది క్రొత్తదారి. పిమ్మట ప్రభుత్వ విద్యార్థివేతనముతో 1902లో కేంబ్రిడ్జికేగి, సెంటు జాన్సు కళాశాలలో చేరి, చరిత్రలో ప్రథమశ్రేణి నందిరి. అచ్చటి యూనియన్ సంఘమునకు ఉపాధ్యక్షులుగా నెన్నుకొనబడిన మొదటి భారతీయు డాయనయే. దొరబిడ్డల నడుమ నిలిచి, వారి భాషలో, వారి వాదపద్ధతినే వారిని గెలిచిన యా ధైర్యము ఆయనను కడవఱకు విడువలేదు. ఆ ధైర్యమువలన లాభమును కలిగినది, నష్టమును కలిగినది.

స్వదేశమునకు వచ్చి కొంతకాలము బరోడాలోను, తరువాత మైసూరు మహారాజా కళాశాలలోను ఆచార్యత్వము నెఱపిరి. మైసూరు ప్రభుత్వమువారు ఉన్నతవిద్యా పద్ధతులను పరిశీలించి రమ్మని ఆయనను విదేశములకు పంపిరి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయ మేర్పడునప్పటికి ఈ పరిశీలన పనికివచ్చినది. తరువాత ఆయన ఆ సంస్థానమున విద్యాశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలైరి. ఒక విశ్వవిద్యాలయము కాగితముమీదనుండి నేలమీదికి దిగుట యెట్లో దగ్గఱనుండి చూచిన తెలుగువారు ఆ కాలమున మిక్కిలి యరుదు. ఈ యనుభవమే తరువాత ఆంధ్రదేశమునకు పెట్టుబడియైనదని మా యభిప్రాయము.

మైసూరు కొలువు విడిచి వచ్చి రాజకీయములలో దిగిరి. మొదట జస్టిస్ పక్షమున నుండి, ఆ పక్షపు మంత్రివర్గముతో పొసగక వేఱుపడి, 1923 నవంబరులో మద్రాసు శాసనసభయందు ఆ మంత్రివర్గముమీద విశ్వాసరాహిత్య తీర్మానమును తామే ప్రతిపాదించిరి. తీర్మానమోడినది. ఇంతలో ఒక విచిత్రము. ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయము కావలెనను చిరకాల వాంఛ ఆ పక్షమునకు చెందిన విద్యామంత్రి ఎ. పి. పాత్రోగారి కాలముననే శాసనరూపము దాల్చినది. 1926 ఏప్రిలు 26వ తేదీన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలసినది. దాని ప్రథమోపాధ్యక్షత్వము నిన్నమొన్నటివఱకు ఆ మంత్రివర్గమును దించజూచిన రెడ్డిగారికే లభించినది. పగవానికి పదవి యిచ్చిన పాలకులను, పగవారి చేతిమీదుగా పదవి పుచ్చుకొన్న పండితుని, ఇరువురను మేము మెచ్చుకొనుచున్నాము.

పదవి దొరకినదిగాని పదవికి తగిన యిల్లు లేదు. బెజవాడలో కార్యాలయమొకటి తెఱచిరి. పరిషత్తనగా అప్పుడు కళాశాలలకు గుర్తింపు, విద్యార్థులకు పరీక్ష, ఇంతే. సొంత ఆచార్యులు లేరు, ప్రయోగశాల లేదు, గ్రంథాలయము లేదు. ఇంతకుమించిన చిక్కు కేంద్రస్థానమును గూర్చినది. బెజవాడయే యుండవలెనని కొందఱు, రాజమహేంద్రవరమని కొందఱు, విశాఖపట్టణమని కొందఱు, రాయలసీమలో అనంతపురమని మఱికొందఱు. ఒక తల్లి బిడ్డలు ఇంటిగోడకై పోరాడినట్లుండెను. తుదకు వాల్తేరు నిర్ణయమైనది. 1930లో పరిషత్తు సముద్రపుటొడ్డున నున్న ఆ మిట్టలమీదికి చేరినది. రాయలసీమవారు తృప్తినొందక, తమ కళాశాలలను మరల మద్రాసు విశ్వవిద్యాలయము క్రిందనే ఉంచుకొనిరి. రాయలసీమ బిడ్డడే ఉపాధ్యక్షుడై యుండగా రాయలసీమ ఆ పరిషత్తునకు వెలియైనది. 1954లో తిరుపతియందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము స్థాపితమగువఱకు ఆ సీమకు సొంత విద్యాపీఠము లేకపోయినది. ఆ లోటు రెడ్డిగారు చూచుచుండగనే యేర్పడినది. పూడుట చూచుటకు ఆయన లేరు.

ధనము మాట చెప్పవలెను. ప్రభుత్వపు గ్రాంటుతో సైన్సు శాఖలు నిలువవు. ఈ సమయమున జయపుర సంస్థానము చేయూత నిచ్చినది. ఏటేట లక్షరూపాయల చొప్పున ఆ సంస్థానము పరిషత్తునకు దానము చేసినది. స్వయముగా కవియు పండితుడునైన మహారాజా విక్రమదేవవర్మగారి పేర వైజ్ఞానిక, సాంకేతిక కళాశాల వెలసినది. ఒక్కసారి యిచ్చిన విరాళముతో గోడలు లేచును. ఏటేట వచ్చు విరాళముతోనే ఆచార్యులు నిలుతురు. విద్యాదానము చేయదలచు మన పోషకులు ఈ తారతమ్యమును కొంచెము గమనింప గోరెదము.

వాల్తేరు చేరిన యేడే రెడ్డిగారి ఉపాధ్యక్షత్వమునకు గండము వచ్చినది. ఉప్పు సత్యాగ్రహమును ప్రభుత్వము అణచిన తీరును నిరసించుచు ఆయన పదవికి రాజీనామా నిచ్చిరి. ఐదేండ్లు శ్రమించి, నాటిన మొక్క చిగురువేయు సమయమున విడిచి వచ్చుట యెంత కష్టమో సంస్థలు నడపినవారికి తెలియును. ఆయన కాంగ్రెసు దీక్షాపరుడు కాడు, జైలుకు పోయినవాడు కాడు. అయినను తమ కుర్చీని సర్కారు చేష్టలకు ఆమోదముద్రగా నుంచుట కొప్పుకొనలేదు.

1931లో ఆయన స్థానమునకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు వచ్చిరి. పరీక్షలు పెట్టు పరిషత్తును పాఠము చెప్పు పరిషత్తుగా మార్చిన కీర్తిలో పెద్దపాలు వారిదే. రెడ్డిగారి జీవితము వ్రాయుచు ఆ పాలును తగ్గించి చెప్పుట మాకిష్టము లేదు. సూరి భగవంతంగారు భౌతికశాస్త్రమునకును, టి. ఆర్. శేషాద్రిగారు రసాయనశాస్త్రమునకును వచ్చినది ఆ కాలముననే. 1936లో రాధాకృష్ణన్‌గారు ఆక్స్‌ఫర్డు ఆచార్యపీఠమునకు వెళ్లగా రెడ్డిగారు మరల ఉపాధ్యక్షులైరి. ఈమాఱు 1949 వఱకు, పదుమూడేండ్లు, ఆ స్థానము వారిదే.

ఒకరు తెచ్చిన విద్వాంసులను మఱియొకరు నిలుపుకొనుట చిన్నపని కాదు. క్రొత్త యజమాని రాగానే పాత యజమాని మనుష్యులకు స్థానచలనము కలుగుట మన సంస్థలలో నిత్యము చూచుచున్నాము. రెడ్డిగా రట్లు చేయలేదు. శేషాద్రిగారు 1949 వఱకు ఆ పరిషత్తునందే పనిచేసిరి. మఱియు 1938లో వ్యావహారికభాషా వాదియైన గిడుగు రామమూర్తి పంతులుగారికి పరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించినది. గ్రాంథికమున వ్రాయుచున్న మేము సహితము ఆ సన్మానమున కానందించువారమే.

ఇంతలో యుద్ధము వచ్చి పడినది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. జనము మూటలు కట్టుకొని ఊరువిడిచిరి. వాల్తేరు భవనములు సైన్యము వశమైనవి. పరిషత్తు గుంటూరునకు తరలవలసివచ్చినది. ప్రయోగశాలలోని గాజుసామగ్రిని, యంత్రములను, గ్రంథములను కట్టించి పంపుట, అద్దెకొంపలలో తరగతులు సాగించుట, యుద్ధకాలపు కఱవులో వస్తువులు సంపాదించుట, ఇవన్నియు అరువది దాటిన ఉపాధ్యక్షుని తలమీద పడినవి. 1946లో మరల వాల్తేరు చేరువఱకు పరిషత్తు ఆ ప్రవాసములో బ్రతికినది. క్రొత్త భవనములు కట్టినవారిని లోకము పొగడును. భవనములు పోయినను చదువు పోకుండ చూచినవారిని అంతగా తలపదు. రెడ్డిగారి ఉపాధ్యక్షత్వమున మేమెక్కువ గౌరవించునది ఈ నాలుగేండ్లనే.

ఆ 1942లోనే ఆయనకు ప్రభుత్వము సర్ బిరుదమిచ్చినది. పండ్రెండేండ్ల క్రిందట ప్రభుత్వముమీద కోపించి పదవి వదలిన మనిషి, దేశమంతయు క్విట్ ఇండియా ఉద్యమమున మునిగిన యేట, ఆ ప్రభుత్వపు బిరుదమును ధరించుట ఆనాడు పలువురకు రుచింపలేదు. మాకును అది అతుకని మాటగానే తోచుచున్నది. ఆయన ఏ పక్షమునను చిరకాలము నిలిచినవారు కారు. నిలిచినది పరిషత్తునొద్ద మాత్రమే.

బ్రహ్మచారిగానే జీవితము గడపిరి. 1949లో ఉపాధ్యక్షత్వమును వాసిరెడ్డి శ్రీకృష్ణగారికి విడిచి, తాము యౌవనమున పనిచేసిన మైసూరునకే విశ్వవిద్యాలయ ప్రో-ఛాన్సలరుగా మరలిరి. 1951 ఫిబ్రవరి 24వ తేదీన పరమపదించిరి. ఆ యేటనే జయపుర మహారాజావారును కాలధర్మము నొందిరి. వాల్తేరులో పరిషత్తు పట్టప్రదాన మందిరమునకు రెడ్డిగారి పేరు పెట్టిరి. ఏలూరులో 1945లో స్థాపితమైన కళాశాలయు ఆయన పేరనే నడచుచున్నది.